సుద్ద గీత

తలమీద ఒక్క వెంట్రుక లేని మనిషిని అందరూ ‘వెంట్రుకవాసి’ అని పిలిచేవాళ్ళు. అందులో వెటకారం లేదని కాదు, కానీ పేరు మాత్రం అతనికి అతికినట్టు సరిపోయింది. ముప్ఫై ఏళ్ళుగా లేత్ మెషీన్ ముందు నిలబడి ఇనుప కడ్డీలు చెక్కి బతికినవాడు. పక్క మెషీన్ల వాళ్ళు ఏ ముక్క తెచ్చి చూపించినా వెర్నియర్‌తో కొలిచి, “వెంట్రుకవాసి ఎక్కువుంది, తియ్యి” అనేవాడు. తీసి తెస్తే, “ఇప్పుడు వెంట్రుకవాసి తగ్గింది, పారెయ్యి” అనేవాడు. అలాంటి మనిషి పక్కన పనిచెయ్యడం కత్తిమీద సామే. అయినా అతని చేతిలోంచి వెళ్ళిన ముక్క వెనక్కి తిరిగొచ్చిందన్న మాట ఎవరూ వినలేదు.

అతను పనిచేసే షాపులో ఒక పద్ధతి ఉంది. కొత్త పని మొదలుపెట్టే ముందు ముక్క బిగించకుండా మెషీన్‌ను ఉత్తినే తిప్పి చూస్తారు. దాన్ని ఖాళీ రన్ అంటారు. కదలికలన్నీ నిజం పనిలాగే ఉంటాయి, ఏమీ తయారు కాదు, అంతే. అలా సెట్టింగు పెట్టినవాడు టీకో నీళ్ళకో వెళ్ళాల్సి వస్తే, మెషీన్ మూత మీద సుద్దముక్కతో అడ్డంగా ఒక గీత గీసి వెళ్ళాలి. తిరిగొచ్చి అసలు పనికి సెట్టింగు మార్చాక ఆ గీత తనే చెరపాలి. గీత ఉందా, ముట్టుకోకు. గీత లేదా, పని మొదలుపెట్టు. ఈ చట్టం చేసింది వెంట్రుకవాసే. ఆ గీతని వేరేవాళ్ళు చెరపడం ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా జరగలేదు.

అతనికి ఒక చెల్లెలు. నాలుగేళ్ళు చిన్నది. బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే మిషన్ మీద పనిచేసేది. పెళ్ళి ఊసెత్తితే, “అన్నయ్యతో వేగడమే చాలు, ఇంకొకడు కూడానా” అని నవ్వేసేది. ఆమె చురుకంతా చేతుల్లోనే ఉండేది. చిన్నప్పుడు ఇద్దరూ ఇంటి వెనక సందులో గోడకి రబ్బరు బంతి కొట్టి ఆడుకునేవాళ్ళు. బంతి ఎవరి చేతిలోంచి కింద పడితే వాళ్ళు ఓడినట్టు. ఎప్పుడూ అన్నే ఓడేవాడు. ఒకసారి చెల్లెలు జ్వరం తగ్గి లేచిన వారంలో ఆడుతుంటే, పాపం నీరసంగా ఉందని అన్న కావాలనే బంతి వదిలేశాడు. ఎనిమిదేళ్ళ పిల్ల, ఇట్టే కనిపెట్టింది. “నువ్వు గెలిపిస్తే గెలుస్తానా నేను?” అని బంతి తీసుకెళ్ళి మురిక్కాలవలో పడేసి, మూడు రోజులు అన్నతో మాట్లాడలేదు.

నలభై ఎనిమిదో ఏట ఆమె కుట్టే కాజాలు వంకర పోవడం మొదలైంది. తర్వాత కత్తెర జారింది. తర్వాత చెప్పు కాలికి నిలవలేదు. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, అన్నని పక్కకి పిలిచి, ఇది నరాల జబ్బనీ, కండరాలు ఒక్కొక్కటే పని మానేస్తాయనీ, తెలివి మాత్రం చివరిదాకా చెక్కుచెదరదనీ, దీనికి మందు లేదనీ చెప్పాడు.

“ఏది ముందు పోతుంది, ఏది తర్వాత?” అని అడిగాడు వెంట్రుకవాసి.

“చెప్పలేమండీ.”

కొలతకి అందని సంగతి అతని జీవితంలో అదే మొదటిది. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు వెళ్ళి చెల్లెల్ని తన ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆడపడుచు మంచంలో, వదిన సేవలో, ఇక ఆ ఇంట్లో రోజూ పానిపట్టు యుద్ధమేనని వీధిలో వాళ్ళు చెవులు రిక్కించి కూర్చున్నారు. వాళ్ళకి నిరాశే మిగిలింది. వెంట్రుకవాసి భార్యది నోరు పెద్దది, చెయ్యి మెత్తనిది. తిడుతూనే తినిపించేది, తిడుతూనే తల దువ్వేది. ఆమెకున్న పిచ్చి ఒక్కటే, శుభ్రం. భుజం మీద తడిగుడ్డ లేకుండా ఆమెని చూసినవాళ్ళు లేరు. ఎక్కడ మరక కనిపించినా శత్రువు కనిపించినట్టు మీదపడేది.

ఏడాది తిరిగేసరికి చెల్లెలికి కాళ్ళు పోయాయి, ఎడమచెయ్యి పోయింది, మాట నిదానించింది. రోజంతా టీవీ నడిచేది. ఒక ఆదివారం ఆమె అంది, “అన్నయ్యా, అది కట్టెయ్.”

“ఏం, బాలేదా?”

“బానే ఉంది. నేను చూసినా నడుస్తుంది, చూడకపోయినా నడుస్తుంది. ఈ ఇంట్లో నేను చేస్తే జరిగేది ఒక్కటి చూపించు నాకు.”

వెంట్రుకవాసి ఇల్లంతా కళ్ళతో వెతికాడు. ఒక్కటీ కనిపించలేదు. ఫోన్‌లో ఆటలు పెట్టి ఇచ్చాడు. అవన్నీ మహా తొందరవి. ఇటు తుడవాలి, అటు లాగాలి, రెండు బొటనవేళ్ళూ పరుగెత్తాలి. “ఇవి చేసినవాళ్ళందరికీ పదేసి వేళ్ళున్నట్టున్నాయి” అంది చెల్లెలు. ఆ మాట అతనికి ముల్లులా దిగింది. ఆటైనా ఇంకోటైనా ఎవరో ఒక మనిషి చేసిందే కదా అనుకున్నాడు. తనకి పనికొచ్చే సామాను బజార్లో దొరక్కపోతే తనే చెక్కుకునే అలవాటున్నవాడు. ఆటని దేంతో చెక్కుతారో కనుక్కోవడానికి బయల్దేరాడు.

టైర్ల షాపు పైన ఒక కంప్యూటర్ సెంటరుండేది. ఆదివారం పొద్దున అక్కడ ఆటలు తయారుచెయ్యడం నేర్పేవాళ్ళు. అక్కడి మేడమ్ వయసులో అతనికి కూతురంత ఉంటుంది. “మీ పిల్లల్ని చేర్చడానికా అంకుల్?” అని అడిగింది.

“నన్ను చేర్చడానికి.”

మొదటిరోజు అతను లోపలికి అడుగుపెట్టగానే పన్నెండు పదమూడేళ్ళ పిల్లలు పదిమంది లేచి నిలబడి గుడ్ మార్నింగ్ చెప్పారు. తనిఖీకి వచ్చిన పెద్దాయన అనుకున్నారు. అతను సిగ్గుపడుతూ వెళ్ళి చివరి కుర్చీలో ఒదిగి కూర్చున్నాడు.

పాఠం మాత్రం అనుకున్నంత పరాయిగా లేదు. పేరు రాసిన డబ్బా ఒకటి ఉంటుంది, అందులో ఒక అంకె వేసుకోవచ్చు, కావాలన్నప్పుడు మార్చుకోవచ్చు అంది మేడమ్. షాపులో అతని బల్ల నిండా అలాంటి డబ్బాలే. ఇలా అయితే ఇది చెయ్యి, లేకపోతే అది చెయ్యి అని చెప్పాలి అంది. అతని భార్య పొద్దున లేస్తే చెప్పేది అదే. ఒకే పని మళ్ళీ మళ్ళీ చేయించాలంటే ఇలా రాయాలి అంది. ముప్ఫై ఏళ్ళుగా అతను చేస్తున్నది మరేమిటి? చిక్కల్లా చేతులతోనే వచ్చింది. అక్షరాల మీటల్లో కావలసింది వెతకడానికి ఒక్కోదానికి అరనిమిషం పట్టేది. ఎక్కడో ఒక బ్రాకెట్టు మరిచిపోతే చాలు, తెర నిండా ఎర్రక్షరాలు. “ఇది నాకంటే మొండిది” అని భార్యతో గౌరవంగా చెప్పాడు.

ఆరో వారానికి తెర మీద బంతి కదిలింది. కదిలి, అంచు దాటి, తిరిగి రాకుండా పోయింది. ఎన్నిసార్లు వదిలినా అంతే. అతను రాసింది ఏమిటంటే, తెర అంచు నాలుగు వందల ఎనభయ్యో చుక్క దగ్గర ఉంది కాబట్టి, బంతి సరిగ్గా నాలుగు వందల ఎనభైకి చేరితే వెనక్కి తిప్పమని. మేడమ్ చూసి నవ్వింది.

“మీ బంతి ఒక్కో అడుగుకి ఏడు చుక్కల చొప్పున పోతోంది మేస్త్రీ గారూ. నాలుగు వందల డెబ్బై ఆరు దగ్గర ఉంటుంది, మరుక్షణం నాలుగు వందల ఎనభై మూడు. సరిగ్గా ఎనభై దగ్గర అది ఎప్పుడూ ఉండదు. ‘చేరినా, దాటినా’ అని రాయండి. మీ కొలత కోసం అది ఆగదు.”

పిల్లలెవరూ చెయ్యని తప్పు అది. సరిగ్గా అన్న మాట మీద బతికినవాడే చెయ్యగలడు. దిద్దుకున్నాడు. కానీ ఆ మాట అతన్ని దారి పొడుగునా వదల్లేదు. ఇంట్లో మంచం మీద ఉన్న జబ్బు కూడా ఎవరి కొలత కోసమూ ఆగడం లేదు.

నిజంగానే ఆగలేదు. గోడ సందులో ఆడిన బంతాటనే తెర మీదికి తేవాలని అతని ఆశ. పైనుంచి బంతి పడుతుంటుంది, కింద ఒక బ్యాటు, ఒక మీట నొక్కితే ఎడమకి, ఇంకోటి నొక్కితే కుడికి. మూడుసార్లు బంతి కింద పడితే ఆట అయిపోతుంది. నాలుగు నెలల్లో పూర్తిచేసి, షాపు ఓనరు మూలన పడేసిన పాత లాప్‌టాప్‌లో పెట్టుకుని చెల్లెలి మంచం దగ్గరికి తెచ్చాడు. అప్పటికి ఆమెకి కుడిచేతి చూపుడువేలు ఒక్కటే మిగిలింది.

ఆమె తెర వంక చూసింది, చేతి వంక చూసింది. “ఒక్క వేలికి సరిపడా ఏమన్నా ఉందా మేస్త్రీ?” అంది.

మళ్ళీ మొదటికొచ్చాడు. డ్యూటీకి వెళ్ళే ముందు రోజూ రెండు గంటలు కూర్చున్నాడు. ఈసారి బ్యాటు తనంతట తనే ఒక వైపుకి పోతుంటుంది, నొక్కితే దిక్కు మారుతుంది. ఒక్క నొక్కు చాలు. ఆ నొక్కు కోసం షాపులో నైలాన్ ముక్క చెక్కి, అరచెయ్యంత గుండ్రటి బటన్ చేశాడు. మధ్యలో వేలికొన కూర్చునేటంత గుంట, కింద మెత్తటి స్ప్రింగు. ఇంకొక పని కూడా చేశాడు, చెల్లెలికి చెప్పకుండా. ‘వేలెలా ఉంది’ అని రోజూ అడిగితే ఆమెకి చిర్రెత్తుకొస్తుంది. అందుకని ఆ రోజు ఎన్ని పాయింట్లు వచ్చాయో, బటన్ ఎన్నిసార్లు నొక్కిందో రెండూ పక్కపక్కనే రాసిపెట్టేలా ఆటలోనే ఒక ఏర్పాటు చేశాడు.

బంతి వేగం సరిచూడటానికి అలవాటు ప్రకారం ఖాళీ రన్ పెట్టాడు. ‘బ్యాటును బంతి వెంటే పంపు’ అని ఒక్క లైను రాస్తే చాలు, ఎవరూ ముట్టుకోకుండానే ఆట నడుస్తుంది. వేగం మరీ పెరిగినప్పుడు మాత్రం బ్యాటు వెనకబడి, బంతి జారిపోతుంది. పని అయ్యాక ఆ లైను ముందు ఒక గుర్తు పెడితే మెషీన్ దాన్ని చదవకుండా దాటిపోతుంది. దాన్ని నిద్రపుచ్చడం అనేది మేడమ్. ఒక పొద్దున అలా నడిపిస్తుండగా డ్యూటీకి టైమైపోయింది. సాయంత్రం వచ్చి నిద్రపుచ్చుదామని లాప్‌టాప్ మూసి, చేతి అలవాటుగా జేబులోంచి సుద్దముక్క తీసి మూత మీద అడ్డంగా గీత గీసి వెళ్ళాడు.

షాపులో ఆ గీతని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. ఇంట్లో తడిగుడ్డకి ఆ చట్టం తెలియదు.

సాయంత్రం వచ్చేసరికి మూత నల్లగా నిగనిగలాడుతోంది. గీత లేదు. గీత లేదంటే తను సెట్టింగు మార్చి చెరిపేసినట్టే. ముప్ఫై ఏళ్ళ నమ్మకం అది, దాన్ని అనుమానించాలని కూడా తోచలేదు. బటన్ తగిలించి, చెల్లెలి వేలు గుంటలో పెట్టి, “ఊఁ, కానియ్” అన్నాడు. బంతి పడింది. బ్యాటు వెళ్ళి పట్టుకుంది. మళ్ళీ పడింది, మళ్ళీ పట్టుకుంది. మూడు వందల నలభై పాయింట్లు. చెల్లెలి ముఖం వెలిగింది. వంటింట్లోంచి వదిన పరుగెత్తుకొచ్చి, “చూశావా, చొక్కాల కాజాలు కుట్టిన వేలు ఊరికే పోతుందా” అని కళ్ళొత్తుకుంది.

ఆ నెల ఆ ఇంట్లో మనుషులు బతికారు. పొద్దున పని తెమలగానే భార్య ఆడపడుచు వేలు బటన్ మీద పెట్టి, ఆట మొదలుపెట్టి తన పని చూసుకునేది. సాయంత్రం అతను చెప్పులు విప్పుతుండగానే, “ఇవాళ మూడు వందల ఎనభై!” అని కేకేసేది. అతను గుమ్మంలోంచే నవ్వుతూ లోపలికి వచ్చేవాడు. మొదటి నాలుగు రోజులూ నొక్కుల లెక్క తెరిచి చూశాడు. రెండు వందలకి అటూ ఇటూ ఉంది. సంతోషించి, ఆ తర్వాత చూడటమే మానేశాడు. పాయింట్లు పెరుగుతుంటే ఇంక వేలికేం ఢోకా? షాపులో ఒకరోజు ఒక ముక్క కొలిచి, “వెంట్రుకవాసి ఎక్కువుంది, ఉండనీలే” అన్నాడు. మేస్త్రీకి ఒంట్లో బాలేదేమోనని అందరూ కంగారుపడ్డారు.

నెలాఖరున డాక్టరు ఇంటికొచ్చి చూశాడు. చెల్లెలి కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుని, “ఈ వేలు ఒకసారి కదపండమ్మా” అన్నాడు. వేలు కదల్లేదు. ఇంకోసారి అడిగాడు. కదల్లేదు.

“అదేంటండీ!” అన్నాడు వెంట్రుకవాసి. “నిన్నే నాలుగు వందల పన్నెండు కొట్టింది ఈ వేలితో!”

డాక్టరు ఆమె వేలికింద తన వేలు పెట్టి కాసేపు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు, “ఈ వేలు పనిచేసి రెండు వారాలు దాటి ఉంటుందండీ.”

చెల్లెలు గోడ వైపు చూస్తోంది. భార్య భుజం మీది తడిగుడ్డతో నోరు నొక్కుకుంది. డాక్టర్ని సాగనంపి వచ్చి వెంట్రుకవాసి లాప్‌టాప్ తెరిచాడు. పాయింట్ల వరసలో ఏ రోజూ మూడు వందలకి తగ్గలేదు. పక్కన నొక్కుల వరసలో మొదటి పన్నెండు రోజులకీ అంకెలున్నాయి. రెండు వందల పన్నెండు, నూట తొంభై, దిగుతూ దిగుతూ నలభై ఒకటి, ఆరు. ఆ తర్వాత పదిహేడు సున్నాలు.

ఆటలో లైన్లు పైనుంచి కిందికి వేలు పెట్టి చదివాడు. ‘బ్యాటును బంతి వెంటే పంపు.’ ముందు ఏ గుర్తూ లేదు. హాయిగా మేలుకునే ఉంది.

“దీని మూత మీద గీత గీశాను నేను” అన్నాడు భార్యతో.

“తెల్లగా ఏదో ఉంటే మరకనుకున్నానండీ. నేనే తుడిచేశాను.” ఆమెకి విషయం పూర్తిగా అర్థం కాలేదు, అయినా భయం వేసింది.

భార్యని ఏమంటాడు? గీతని నమ్మింది తను. తెరిచి ఒక్కసారి కళ్ళతో చూసుకోనిది తను. ఎవడి ముక్కనైనా వెర్నియర్ పెట్టనిదే ఒప్పుకోని మనిషి, చెల్లెలి వేలి సంగతి సుద్దకి వదిలేశాడు. అన్నిటికంటే అతన్ని కాల్చింది ఇంకోటి. ఆ మొదటి పన్నెండు రోజులూ వేలు నిజంగా పనిచేసింది. ఆ వేలితో ఆమె నిజమైన ఆట ఆడి ఉండేది. ఆ పన్నెండు రోజులు ఇప్పుడు ఏ మెషీన్ మీద పెట్టి తిప్పినా తిరిగి రావు. అతను బాత్రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాడు.

చెల్లెలికి చెప్పకూడదని నిర్ణయించుకున్నాడు. తను గెలుస్తున్నాననుకుంటోంది, అలాగే అనుకోనీ. ముఖం కడుక్కుని, రోజూలాగే లాప్‌టాప్ పట్టుకెళ్ళి, “ఇవాళ ఆడలేదటగా, ఆడతావా?” అన్నాడు.

చెల్లెలు అతని కళ్ళలోకి చూసింది. ఒక్కో మాటకి ఊపిరి కూడదీసుకుంటూ అంది, “డాక్టరు ముందు... నా పరువు తీశావు కదరా అన్నయ్యా.”

అతను లాప్‌టాప్ మంచం అంచు మీద పెట్టాడు.

“రెండో రోజే తెలిసింది నాకు. తుమ్మొచ్చింది. వేలు జారింది. బ్యాటు మాత్రం వెళ్ళి బంతిని పట్టుకుంది.”

“మరి చెప్పలేదేం?”

“నువ్వు నవ్వుతూ వస్తున్నావు ఇంట్లోకి. ఎన్నాళ్ళయింది అలా చూసి.” చూపు బటన్ మీదికి తిప్పింది. “అయినా నొక్కుతూనే ఉన్నాను. వేలున్నంతసేపు.”

“తెలుసు. లెక్క ఉంది.”

“లెక్కా?” ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. “చదువు.”

అతను పాయింట్లు వదిలేసి నొక్కుల వరస చదివాడు. రెండు వందల పన్నెండు. నూట తొంభై. నూట తొంభై నాలుగు. ఆరు దాకా చదివి ఆగిపోయాడు.

“తర్వాతవి?”

“సున్నాలు.”

“ఊఁ. అవీ నావే. ఇప్పుడు ఆ తోడుదొంగని తీసెయ్ అందులోంచి.”

“తీస్తే బంతి పడిపోతుందమ్మా.”

“పడనీ. నువ్వు గెలిపిస్తే గెలుస్తానా నేను?”

అతను ఆ లైను ముందు గుర్తు పెట్టాడు. నిద్రపుచ్చాడో లేదో మూడుసార్లు చూసుకున్నాడు. ఆమె వేలు తెచ్చి గుంటలో పెట్టాడు. బంతి పైనుంచి దిగింది. బ్యాటు గోడవైపు పోయి అక్కడే నిలబడింది. బంతి పడిపోయింది. రెండోది పడిపోయింది. మూడోది పడిపోయింది. మొత్తం పదకొండు క్షణాలు. తెర మీద ‘అయిపోయింది’ అన్న మాట, దానికింద సున్నా.

“ఛీ” అంది చెల్లెలు, చిన్నప్పుడు సందులో అన్నట్టే. “మళ్ళీ పెట్టు.”

ఆ రోజు తొమ్మిదిసార్లు ఓడింది. ఆ తర్వాత ఏడు వారాలు బతికింది. మాట పోయాక కూడా కళ్ళతో లాప్‌టాప్ వైపు చూపించేది. వదిన తడిగుడ్డ పక్కన పెట్టి, ఆమె వేలు బటన్ మీద ఉంచి, పక్కనే కూర్చుని మూడు బంతులూ పడేదాకా చూసేది. ఒక్క రోజైనా వేలు కదులుతుందేమోనని వెంట్రుకవాసి రోజూ సాయంత్రం లెక్క తెరిచేవాడు. కదల్లేదు.

లాప్‌టాప్ ఇప్పటికీ అతని దగ్గరే ఉంది. ఆ లెక్క ఉంది. నొక్కులు సున్నా, పాయింట్లు సున్నా, తేదీ మారుతుంది, మళ్ళీ సున్నా, సున్నా. ఎవరి చేతిలో ఏ ముక్క చూసినా దిద్దకుండా ఉండలేని మనిషి, అందులో ఒక్క అంకె కూడా ముట్టుకోలేదు. మెషీన్ కొట్టిన ఆ మూడు వందలు, నాలుగు వందలు మాత్రం చెరిపేశాడు. అవి చెల్లెలివి కావు.